ఇంటిలో ఇల్లాలి చోటు

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని మనవారి సామెత. దీనిని మేము చిన్ననాటినుండి పలుమారులు వినియుంటిమి. వినిన ప్రతిమారును మాకొక సందేహము పొడముచునే యున్నది. ఆ యింటికి నేల కొన్నవాడు పురుషుడు. కొలత వేసినవాడు మేస్త్రి. ద్వారము ఏ దిక్కున నుండవలెనో నిర్ణయించినవాడు వాస్తు చెప్పిన పెద్దమనిషి. ఏ గదిలో ఏ పెట్టె యుండవలెనో శాసించినది అత్తగారి అత్తగారినాటి యాచారము. ఇందరు కలిసి యేర్పఱచిన యింటిని చూచి, అందులోనికి కట్టకడపట వచ్చి చేరిన కోడలి గుణమును తూచుట ఏమి న్యాయము? ఇల్లు ఇరకటము, ఆలి మరకటము అని మఱియొక సామెత కలదు. ఇరుకును చిఱాకును ఒక్క త్రాట కట్టిన యా పెద్దలు, మొదటిది రెండవదానికి కారణము కావచ్చునేమో యని యోచించినట్లు తోపదు.

గృహాలంకరణమను మాట వినగానే నేడు మన కన్నుల యెదుట నిలుచునవి అద్దపు బీరువాలు, వానిలో ఎన్నడును బయటికి తీయని పింగాణి గిన్నెలు, వాసన లేని ప్లాస్టిక్ పూలు, గోడనంతయు ఆక్రమించిన టెలివిజను. ఇవి ఉండరాదని మేము చెప్పము. కాని అలంకారమనగా నింపుట కాదు, అమర్చుట. ఏ పనికి ఏ చోటు తగునో, ఏ మనిషికి ఏ మూల కావలెనో తెలిసి అమర్చిన యిల్లు పేదదైనను అందమైనది. అది తెలియని యిల్లు మేడయైనను సామాను కొట్టు. ఈ విషయమును మేము ఎఱిగిన పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల యిండ్లనుండియే చెప్పదలచితిమి. కడప యన్నను గడప యన్నను ఒక్కటే. తిరుమలకు గడప యగుటచే మా జిల్లా ముఖ్యపట్టణమునకు ఆ పేరు వచ్చినదని పెద్దలందురు. ఇంటి భాగమును పేరుగా ధరించిన జిల్లావారము ఇంటిని గూర్చి నాలుగు మాటలు చెప్పినచో చదువరులు తప్పుపట్టరని తలంతుము.

పులివెందుల దగ్గఱ మా జేజి కాపురమున్న యిల్లు మట్టిమిద్దె. రాతిని బురదతో కూర్చి కట్టిన రెండడుగుల మందపు గోడలు. పైన దూలములు, వానిపై దంతెలు, ఆపైన చవుటిమన్ను. ఏప్రిల్, మే నెలలలో 40 డిగ్రీలు దాటు మా సీమ యెండలకు ఆ మందమే గొడుగు. ఆ యింటిలో బీరువా లేదు, బల్ల లేదు. అయినను వస్తువు నేలమీద పడియుండుట మేమెన్నడును చూడలేదు. గోడ మందములోనే గూళ్లు: దీపమునకొకటి, పసుపు కుంకుమలకొకటి, లెక్కల పుస్తకమునకొకటి. దూలమునుండి ఉట్టి, గోడ వెంబడి దండెము, పైన అటక, మూలను గరిసె. గోడను, గాలిని, కప్పును వాడుకొని నేలను మనుష్యులకు విడిచిపెట్టిన నేర్పది. అందుచేతనే ఒక్క పడసాలయే మధ్యాహ్నము భోజనశాల, సాయంకాలము వేరుశనగ కాయలు ఒలుచు చోటు, రాత్రి పడకగది కాగలిగినది. నేడు నగరములలో చిన్న ఫ్లాటు కొన్నవారు మడత మంచములకును గోడబీరువాలకును వేలకు వేలు పోసి సాధింపజూచునది ఇదియే.

ఐనను ఆ యిల్లు స్వర్గమని చెప్పుట అసత్యము. వెలుతురు పడసాల వాకిటి దగ్గఱనే ఆగిపోయెడిది. వంటింటికి గవాక్షి యని మా సీమలో పిలుచు కప్పురంధ్రమొక్కటే దిక్కు. పొగ పైకి పోయినది కొంత, జేజి కన్నులలోనికి పోయినది కొంత. పశువులకు గాలి తగులు ముందుభాగము, వంట చేయువారికి గాలి చొరని వెనుకభాగము, ఇది నాటి పంపకము. ఎద్దునకు జబ్బుచేసిన సేద్యము నిలుచును గనుక దానికి గాలి కావలెనని నాటివారు గ్రహించిరి. వంట మాత్రము ఏ చీకటిలోనైనను నిలువదని వారికి తెలియును.

అదే ప్రాంతమున మా బంధువుల యింట మఱియొకటి చూచితిమి. వేరుశనగ కోత ముగిసిన పిమ్మట, ధర వచ్చువఱకు మూటలే గృహయజమానులు. పడసాలలో నాలుగు దిక్కుల మూటలు, నడుమ నడచుటకొక దారి. పదవ తరగతి చదువుచున్న ఆ యింటి పిల్ల ప్రక్కయింటి మెట్లమీద కూర్చుండి పాఠములు వల్లించుచుండెను. మూటలు ధర తెచ్చును, చదువు ఏమి తెచ్చునని అడుగువారు ఆ యింట లేరు; తండ్రికి కూతురి చదువుమీద మక్కువయే. కాని చోటును గూర్చి ఎవరును తలంపలేదు. ఒక యాదివారము ఇంటివారందఱు కలిసి, ఒకే గోడ వెంబడి రాళ్లు పేర్చి, వానిపై బండలు పఱచి, ఆ బండలమీద మూటలను నిలువున దొంతి పెట్టిరి. అడుగున గాలి యాడుటచే చెమ్మ పట్టలేదు. ఎలుక దూరినచో కనబడుచున్నది. పడసాలలో సగము తిరిగి వచ్చినది. ఆ సగములో ఒక చాప, ఒక దీపము, ఒక బాలిక. ఇంతకన్న అందమైన గృహాలంకరణమును మేము ఎచ్చటను చూచియుండలేదు.

పల్లె విడిచి ప్రొద్దుటూరునకు వత్తము. ఇది బంగారమునకును ప్రత్తికిని పేరుపొందిన వర్తకపు పట్టణము. పాత బజారులలోని యిండ్లు చాలవఱకు గోడకు గోడ తగిలి, ముందు అంగడి, వెనుక కాపురముగా, రైలుపెట్టెలవలె పొడవుగ నుండును. దసరా నవరాత్రములలో ఇచ్చటి వాసవీ కన్యకాపరమేశ్వరి యమ్మవారికి దినమునకొక యలంకారము చేయుదురు. దసరా వైభవమున మైసూరు తరువాత ప్రొద్దుటూరే యని జనులు చెప్పుకొందురు. ఆ యలంకారమును చూచి కన్నుల నద్దుకొని యింటికి వచ్చిన భక్తుడు, తన యింటి యమ్మ ఏడాది పొడుగున ఏ చీకటిలో నిలిచియున్నదో చూడడు. వీధివైపు గది వెలుతురు గలది, అది చుట్టములకు. సోఫాలకు దుప్పటి కప్పి, తలుపు మూసి, ఏడాదికి పదిదినములు వచ్చు చుట్టములకొఱకు దానిని కాపాడుదురు. మూడువందల యేబదియైదు దినములు ఉండువారు వెనుక గదులలో ఒకరి కాళ్లు ఒకరికి తగులుచు బ్రతుకుదురు.

మా యింట సున్నము వేయింప నిశ్చయించినపుడు, రంగులు మాటలాడుటకు ముందు, ఇంటిలోని ప్రతివారిని పిలిచి, "మీకు ఈ యింటిలో ఏమి కావలెను?" అని యడిగితిమి. పిల్లలు వెంటనే పది కోరికలు చెప్పిరి. మా వదినెగారు చాలసేపు మాటలాడలేదు. తుదకు, "నిలబడి కూరగాయలు తరుక్కునేదానికి ఒక బండ, ఆకాశం కనపడేటట్టు ఒక కిటికీ. అంతే నాయనా, ఇంకేమొద్దు. ఇంతకుముందు నన్నెవరూ అడగలేదు, అందుకే ఆలోచించాల్సి వచ్చింది" అనిరి. ఆ బండకును కిటికీకిని అయిన వ్యయము వీధిగదిలో పెట్టదలచిన అద్దపు బీరువా వెలలో సగము కాలేదు. బీరువా మానుకొంటిమి. వీధిగది తలుపు పగలంతయు తెఱచి యుంచితిమి. పిల్లలు అచ్చట చదువుకొందురు. చుట్టములు వచ్చినపుడు వారి నడుమనే కూర్చుందురు. ఇంతవఱకు ఏ చుట్టమును ఇందులకు అలుగలేదు.

ఆ బండ జమ్మలమడుగు వైపునుండి తెప్పించినది. జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్ల ప్రాంతముల గనులలో పుస్తకపు పుటలవలె పొరలు పొరలుగ లేచి వచ్చు ఈ నల్లరాయి సున్నపురాతి జాతిది. కడప బండ యని దీనికి దేశమంతట ప్రసిద్ధి. బొంబాయి నగరమున దీనిని కడప్పా యనియే పిలిచి, వంటింటి తిన్నెలకు వాడిరి. మన కొండలలో పుట్టిన రాయి దూరపు నగరములో స్త్రీలను నేలనుండి లేపి నిలువబెట్టినది. గని ప్రక్కనున్న పల్లెలలో మాత్రము పొలము గట్లకు కంచెగను, ముంగిట బట్టలుతుకు రాయిగను మిగిలిన యిండ్లు నేటికిని కలవు. చవుకగ చేతికందు ఈ బండతో అరలు, అటకలు, చదువుబల్లలు, తులసికోట చుట్టు అరుగులు చేసికొనవచ్చును. చెదలు తినవు, నీరు చెఱుపదు. రెండు జాగ్రత్తలు కావలెను. చింతపండు రసము, నిమ్మరసము పడిన చోట తెల్లని మచ్చ కట్టును. వెంటనే కడిగి, అప్పుడప్పుడు నూనె గుడ్డతో తుడువవలెను. మఱియు, తిన్నె యెత్తును మేస్త్రి తన మోచేతికి సరిగ కాక, వంట చేయువారి మోచేతికి కొంచెము దిగువగ నుండునట్లు కొలిచి కట్టవలెను. ఈ యొక్క కొలతలో నడుమునొప్పికిని ఆరోగ్యమునకును గల దూరమంతయు నున్నది.

ఈ కొలతను గూర్చి తొలుత శాస్త్రీయముగ యోచించినవారిలో ఆస్ట్రియా దేశపు స్త్రీ వాస్తుశిల్పి మార్గరెటె షూటె-లిహోట్స్కీ ముఖ్యురాలు. ఆమె 1926 లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరపు కార్మికుల యిండ్లకొఱకు, సుమారు 6 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు గల వంటగదిని నిర్మించెను. వంట చేయు స్త్రీ పొయ్యినుండి నీటికి, నీటినుండి బల్లకు ఎన్ని యడుగులు నడచునో లెక్కించి, వృథా నడక తగ్గునట్లు వస్తువులను అమర్చెను. అట్టివి ఆ నగరమున సుమారు 10,000 వెలసెను. ఐనను ఆ గది ఒక్కరికే సరిపడునదనియు, స్త్రీని పనితో ఒంటరిని చేసెననియు పిమ్మట విమర్శ వచ్చినది. మనము ఆ గుణమును గ్రహించి దోషమును విడువవలెను. మన వంటింట ఇద్దఱు నిలుచుటకు చోటుండవలెను. ఆ రెండవ మనిషి యింటి మగవాడైనను చోటు చాలకపోదు.

వెలుతురు సంగతియు మనకు తెలియనిది కాదు. ఈ ప్రాంతముల నేతగాండ్ర యిండ్లను చూడుడు. చిన్న యింటిలో కిటికీ ప్రక్క చోటు మగ్గమునకే చెందును. పోగు తెగినపుడు కంటికి కనబడవలెను గదా. నూలుపోగునకు వెలుతురు కావలెనని గ్రహించిన మనము, బియ్యమేరు కంటికి, పాఠము చదువు కంటికి అది వలదని ఎట్లనగలము?

అందమును మేము తక్కువ చేయుటలేదు. మన స్త్రీలకు ఆ విద్య ఎవరును నేర్పనక్కఱలేదు. పండుగకు బొమ్మల కొలువు పెట్టునపుడు చూడుడు: డబ్బాలు, పెట్టెలు, పీటలు మెట్లుగ పేర్చి, పైన పాతచీర కప్పి, గంటలో ఒక సభామంటపమును నిలుపుదురు. గుప్పెడు ముగ్గుపిండితో వాకిలిని తివాచి చేయుదురు. ఆ బుద్ధి పండుగతో ముగియనేల? ఆ చేతులకే ఇంటి కొలతలు అప్పగించినచో కొనుగోలు అలంకారములలో సగము అక్కఱ తీఱును.

ఇది కేవలము సౌకర్యపు మాట కాదు, హక్కు మాట. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమందలి 23వ సెక్షను ప్రకారము, మగ వారసులు పంచుకొనదలచువఱకు నివాసగృహమును పంచుమని అడుగుటకు ఆడువారసులకు అధికారము లేకుండెను. ఆంధ్రప్రదేశము 1986 లోనే అవివాహితలగు కుమార్తెలకు ఉమ్మడి యాస్తిలో సమభాగము నిచ్చినను, ఆ సెక్షను 2005 వఱకు చట్టపుస్తకమున నిలిచియే యుండెను. నేడది లేదు. చట్టము కూతురికి ఇంటిలో భాగమిచ్చినది. ఆచారము ఇంకను ఆమెకొక అర నీయలేదు. ఆమె పుస్తకమొకటి, కలమొకటి ఎవరును తీయకుండ ఉంచుకొను గూడు మన యిండ్లలో ఎన్నిట కలదు? ప్రొద్దుటూరున నివసించిన పుట్టపర్తి నారాయణాచార్యులవారి సతీమణి కనకమ్మగారు స్వయముగ కవయిత్రి. అట్టివారు మఱికొందఱు మన యిండ్లలో బియ్యపు డబ్బా మూతమీద కాగితము పెట్టుకొని వ్రాయుచుండవచ్చును.

కావున సోదరులారా, రాబోవు పండుగకు ఇంటికి సున్నము కొట్టింపబోవు ముందు, ఒక సాయంకాలము వంటింట నిలిచి చూడుడు. దీపము వేయక ఉప్పు డబ్బా కనబడునా? వంగక నీరు ముంచుకొనవచ్చునా? అలసినపుడు కూర్చుండుటకు పీట వేయు చోటున్నదా? పిదప ఆమెనే అడుగుడు. వెంటనే బదులు రాకపోయిన తొందరపడక వేచియుండుడు. అడుగు అలవాటు మనకును, చెప్పు అలవాటు వారికిని కొత్త. ఇల్లాలిని అడిగి ఇల్లు అమర్చిన పిమ్మట, ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమను సామెతను ఎవరు చెప్పినను మాకు ఆక్షేపణ లేదు.