తల్లిని తినని పిల్లలు

సూరత్‌లో లింబాయత్ వైపు మన మరమగ్గాల వాళ్ల ఇళ్లలో తేలు మాట ఎత్తి చూడండి. సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లైనా, వరంగల్ నుంచి వచ్చినవాళ్లైనా పెద్దవాళ్లు ఒకటే చెబుతారు: "తేలు పిల్లల్ని కంటే ఇక బతకదు, ఆ పిల్లలే దాన్ని తినేస్తాయి." చిన్నప్పటి నుంచి నేనూ విన్నదే. అది ఉత్త నింద అని చెప్పడానికే ఇవాళ ఈ కబుర్లు మొదలుపెట్టాను. తేళ్లను పెట్టెల్లో పెంచి, పిల్లల్ని సాకేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. వాళ్ల కళ్లముందు జరిగేది వేరు.

తేలు గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. తొలకరికి బయటపడే నల్లటి మండ్రగబ్బ, దాని చుట్టమైన ఆఫ్రికా ఎంపరర్ తేలు ఉన్నాయే, వాటి కడుపులో ఒక్కో పిల్లకు ఒక్కో చిన్న అర ఉంటుంది. ఆ అరలో సన్నటి గొట్టంలాంటిది ఒకటి ఉంటుంది. పిల్ల దాని కొసను నోట పట్టుకుని తల్లి ఒంట్లోంచి వచ్చే ఆహారం తీసుకుంటుంది. పుట్టకముందే పాలు తాగడం అనుకోండి! ఎంపరర్ తేలు ఇలా ఏడెనిమిది నెలలు మోస్తుంది, ఒక్కోసారి ఏడాది కూడా దాటుతుంది.

కనే వేళ తల్లి ముందుకాళ్లను పొట్ట కిందికి మడిచి పట్టుకుంటుంది. ఒక్కొక్క పిల్లా ఆ కాళ్ల మధ్యకు దిగి, వాటి మీదుగానే పాకి వీపెక్కుతుంది. తెల్లగా, మెత్తగా ఉండే ఆ పిల్లలకు కాలి కొసల్లో గోళ్లుండవు, అతుక్కునే చిన్న మెత్తలుంటాయి. తిండి అక్కర్లేదు, పుట్టుకతో తెచ్చుకున్న సత్తువ ఒంట్లో ఉంటుంది. వారానికో రెండు వారాలకో తొలి కుబుసం విడుస్తాయి. ఆ తెల్లటి పొరలు తల్లి వీపుకి అంటుకుని వేలాడుతుంటే, దూరం నుంచి చూసినవాళ్లకు తల్లి చర్మమే ఊడిపోతోందనిపిస్తుంది. ఆ నింద ఇక్కడే పుట్టి ఉంటుందని నా ఊహ. గట్టిపడ్డ పిల్లలు ఒకటొకటిగా దిగి, వాటి దారిన అవి పోతాయి. తల్లి బతికే ఉంటుంది, మళ్లీ కంటుంది కూడా.

మరో మాట. తినడమంటూ జరిగితే తల్లే పిల్లల్ని తింటుంది. ఆకలితో ఉన్నా, బెదిరినా ఆ పని చేస్తుంది. అందుకే తెలిసినవాళ్లు కడుపుతో ఉన్న తేలును ముందుగానే వేరే పెట్టెలో ఉంచుతారు. అడుగున తడి కొబ్బరి పొట్టు, దాక్కోవడానికి ఒక బెరడు ముక్క, పిల్లలు మునిగిపోకుండా గులకరాళ్లు వేసిన నీళ్ల పళ్లెం, అంతే. కన్నాక పెట్టె కదపరు. వీపు మీది పిల్లల్ని చేత్తోగానీ పట్టకారుతోగానీ తీయరు. దిగిన పిల్లలకు చంపిన చిన్న కీచురాళ్లు వేస్తారు.

మన సూరత్‌లో వజ్రాల వ్యాపారులు రాయి మెరుపు పరీక్షించడానికి అతినీలలోహిత దీపం వాడతారు కదా, ఆ వెలుతురు చీకట్లో తేలు మీద పడితే అది ఆకుపచ్చగా వెలుగుతుంది. కానీ వీపు మీది పసిపిల్లలు వెలగవు. పచ్చటి తల్లి మీద మసక మసకగా ఒక గుంపు కనిపిస్తుంది. కుబుసాలు విడుస్తూ పైపొర గట్టిపడేకొద్దీ వాటికీ ఆ వెలుగు వస్తుంది. ఫ్రాన్స్‌లో కీటకాలను పరిశీలించే ఫాబ్ర్ అనే శాస్త్రవేత్త ఈ దీపాల కాలం కంటే ముందే, అద్దాల పెట్టెలో తేళ్లను పెట్టి, మగది ఆడదాని ముందరి డెక్కల్ని పట్టుకుని నడిపించుకుపోయే తీరును కూర్చుని చూసి రాశాడు. ఆ ఓపికంటే నాకు గౌరవం.

అయితే ఏ తేలు పడితే ఆ తేలును పెంచమని నేను చెప్పను. మన ఎర్రతేలు గుజరాత్‌లోనూ తెలంగాణలోనూ ఉంటుంది. అది కుడితే చిన్నపిల్లల గుండె తట్టుకోలేదు. మహారాష్ట్రలో మహాడ్ ఊరి డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ రక్తపోటు మందు ప్రజోసిన్‌ను దీనికి వాడి ఎన్నో ప్రాణాలు కాపాడారు, 1986లో లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ తేలును గాజు పెట్టెలో పెట్టుకుని ఇంట్లో పిల్లలతో ఉండటం నాకు ససేమిరా నచ్చదు. బ్రెజిల్ పసుపు తేలైతే మగతోడు లేకుండానే కంటుంది. ఒక్కటి తప్పించుకుంటే చాలు, వీధంతా నిండుతుంది. అక్కడి నగరాల్లో జరుగుతున్నది అదే.

ఇక ఎంపరర్ తేలు. 1995 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారం మీద కట్టడి ఉంది. మన వన్యప్రాణి చట్టానికి 2022లో వచ్చిన సవరణ ప్రకారం ఇంట్లో ఉంచుకున్నవాళ్లు ప్రభుత్వ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి, పిల్లలు పుట్టినా తెలియజేయాలి. ఆ తేలు పిల్ల పెద్దదవడానికి నాలుగైదేళ్లు కూడా పట్టవచ్చు. అప్పటిదాకా ప్రతి కుబుసానికీ అది రోజుల తరబడి తినకుండా ముడుచుకుంటుంది. అలాంటప్పుడు పెట్టెలో బతికున్న కీచురాయి ఉంటే బయటికి తీసేయండి, మెత్తగా ఉన్న పిల్లను అది కొరికేస్తుంది.