ఎవరు తీసినా మోగేది

కె.గంగవరంలో అమ్మ ఒక్కతే ఉంటుంది. దొంగల భయమని అన్నయ్య అలారం పెట్టించాడు. రాత్రి కువైట్ నుంచి ఫోన్‌లోనే వేస్తాడు, పొద్దున్నే తీస్తాడు. తలుపు మూసినంతసేపూ రెక్కకున్న అయస్కాంతం గుమ్మానికున్న స్విచ్‌లోని రెండు సన్నటి రేకుల్ని కలిపి ఉంచుతుంది. అవి విడిపోతే మోత. వానలకి చెక్క ఉబ్బి, స్విచ్ పాతబడి, అర్ధరాత్రి ఊరికే మోగేది. దానంతటది ఆగేదాకా అమ్మ చెవులు మూసుకునేది.

"మగవాళ్ళనెవరినైనా పంపండమ్మా" అన్నాడు కొట్టతను, కొత్త జత ఇస్తూ. (కరెంటుకి ఆడా మగా తెలుసు కాబోలు!) కరెంటు ఆపి, బ్యాటరీ తీసి, రెండు తీగలూ మార్చి, అయస్కాంతాన్ని సెంటీమీటరులోపు ఎడంలో బిగించాను. అరగంట పని.

"రాత్రప్పుడు నేను అరుగు మీదకొచ్చినా మోగుద్దా?" అడిగింది అమ్మ. ఆపే నంబరు అన్నయ్యకి తెలుసు, బిగించినవాడికి తెలుసు. ఆమెకే ఎవరూ చెప్పలేదు.