మూస మార్చునపుడు

తల్లిని పోలిన బిడ్డను జూచి “మూసపోసినట్లున్నది” అని మనమందుము. తెలుగు వికీపీడియావారు తమ పుటలను తీర్చిదిద్దు అచ్చులకు గూడ మూస యనియే పేరిడిరి. 2003 డిసెంబరులో ఆరంభమైన యా విజ్ఞానసర్వస్వమున మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల గ్రామములకును పుటలు గలవు. పుట ప్రక్కన గ్రామము పేరు, మండలము, జనాభా మున్నగునవి వరుసగా జూపు పెట్టె మూస చేసిన పనియే. వివరములను మాత్రము వ్రాసి మూసను పేరుపెట్టి పిలిచిన జాలును. గీతలు, రంగులు, వరుస అదియే చూచుకొనును.

ఇందలి సౌకర్యము 2022 ఏప్రిలు 4వ తేదీని జిల్లాలు మారినపుడు తెలియవచ్చినది. రాజాము శ్రీకాకుళము జిల్లానుండి విజయనగరము జిల్లాలోనికిని, పాలకొండ క్రొత్తగా నేర్పడిన పార్వతీపురము మన్యము జిల్లాలోనికిని బోయినవి. ఇట్టి మార్పు వచ్చినపుడు మూసలోనున్న మాటను ఒక్కచోట దిద్దిన, దానిని పిలుచు పుటలన్నిటను ఆ దిద్దుబాటు కానవచ్చును. పుటలోనే వ్రాసిన మాటను మాత్రము ఏ పుటకాపుటయే దిద్దుకొనవలెను.

ఇక మూసను వ్రాయు భాషయే మార్చవలసి వచ్చిన నేమగును? పూర్వము “ఈ వివరమున్న నిట్లు, లేకున్న నట్లు” అను షరతులను కుండలీకరణములలో నొకదానిలో నొకటి పొదిగి వ్రాసెడివారు. మూస పెద్దదైనకొలది అది చిక్కుపడిన దారమువలె నయ్యెను. పుట సిద్ధమగుటకును ఆలస్యమయ్యెను. అందుచే 2013లో వికీపీడియాలయందు లువా యను భాషను ప్రవేశపెట్టిరి. అది 1993లో బ్రెజిలు దేశమున రియో నగరమునందలి విశ్వవిద్యాలయములో బుట్టినది; పోర్చుగీసు భాషలో లువా యనగా చంద్రుడు. నాటినుండి పెద్ద మూసల లోపలి పనిని మాడ్యూలు అను వేరు పుటలలో లువాతో వ్రాయుచున్నారు.

కట్టెలపొయ్యి తీసి గ్యాసుపొయ్యి పెట్టినంతమాత్రమున పులుసు రుచి మారరాదు గదా! ఇచటను అదియే నీతి. మూస పేరును, అది యడుగు వివరముల పేళ్లను అట్లే యుంచి, లోపలిపనిని మాత్రము మార్చవలెను. అప్పుడు వేలకొలది పుటలను ముట్టుకొన బనిలేదు. అట్లుగాక, పాత మూస “జనాభా” యని యడిగినదానిని క్రొత్తది వేరొక పేరుతో నడిగెనా, అంకె పుటలో నుండియు చదువరికి గానరాదు. తప్పు జరిగినదని చెప్పువారుండరు. ఆ వరుస చప్పుడు లేకుండ మాయమగును. మా యింటాయన బడిపిల్లలవంటివారు తమ యూరి వివరములను అచటినుండియే యెత్తి వ్రాసికొందురు. లేనిదానిని వారెట్లు కనిపెట్టగలరు?

కావున పాత రూపును, క్రొత్త రూపును ప్రక్కప్రక్కన బెట్టి చూడవలెను. నిండుగా వివరములున్న పుటను, కొద్దిపాటి వివరములే యున్న పుటను గూడ జూడవలెను. ఇంటనే కావ్యములు చదువుకొన్న నాకు లువా రాదు. కాని రెండు ముద్రణములను ముందిడుకొని పాఠభేదములు సరిచూచుట వచ్చును. ఈ పనికి ఆ నేర్పే చాలును.

పురుషునకు సాధారణముగ నొక్కటే యూరు. మనకో, పుట్టినయూరు, మెట్టినయూరు నని రెండు. చెరువు పేరేదో, ఏ మండలమో, మొన్న నే జిల్లాలో జేరినదో మనకు దెలిసినట్లు యంత్రమునకు దెలియదు. తీరికవేళ ఆ రెండు పుటలను తెరచి చూడుడు. లోపము కనబడిన, పుటపైనున్న “చర్చ” యను చోట రెండు వాక్యములు వ్రాయుడు. మూసను మార్చువారు దూరమున నుందురు. ఊరు నెరిగినవారము మనమే.