మా ఇంటి జెంటూ సంసారం

పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేస్తూంటే ఎదురింటి కోడలుపిల్ల అడిగింది. "అత్తమ్మా, రాత్రంతా మీ కిటికీలోంచి బుయ్యిమని ఒకటే శబ్దం. ఫ్యానేమన్నా చెడిపోయిందా?"

"లేదమ్మా, జీసీసీ పొయ్యిమీదుంది. ఇంకా దిగలేదు" అన్నాను.

ఆ పిల్ల చేతిలో ముగ్గు చేతిలోనే వుండిపోయింది. పాపం, అదేదో కొత్తరకం ఊరుబిండి అనుకున్నట్టుంది.

మీరూ అలా అనుకోకముందే చెప్పేస్తాను. మా ఇంట్లో ఒక కంప్యూటరుంది. అందులో గొప్పేమీ లేదు, అనంతపురంలో ఇప్పుడు ఏ వీధికి పోయినా వున్నాయి. గొప్పల్లా దాని లోపలున్న సరుకు. అందరిళ్ళలో వుండేది విండోసు. మా దాంట్లో వున్నది జెంటూ లినక్సు. మా అబ్బాయి ఇంజనీరింగు చదివే రోజుల్లో పెట్టాడు. చదువైంది, బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది, వాడు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయాడు. జెంటూ మాత్రం నా మెడకు మిగిలింది. పిల్లలు కుక్కపిల్లల్ని ముద్దుపడి తెచ్చి, చివరికి అమ్మలకి అంటగట్టిపోతారు చూడండి, అలాగన్నమాట.

జెంటూ అంటే ఏమిటో మావారికి బోధపరచడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. మీరు నయం, త్వరగా పట్టుకుంటారు. మామూలు కంప్యూటర్లలో ప్రోగ్రాములు తయారుగా వస్తాయి, పొట్లం కట్టిన పిండిలాగ. తెచ్చుకోవడం, కలుపుకోవడం. జెంటూలో వచ్చేది పిండి కాదు, గింజలు. రాసినవాళ్ళు రాసిన మూలం రాసినట్టే వస్తుంది. దాన్ని మన ఇంట్లో, మన యంత్రానికి సరిపోయేటట్టు మనమే విసురుకోవాలి. ఆ విసరడాన్నే కంపైలు చెయ్యడమంటారు. విసిరే తిరగలి పేరు జీసీసీ. తమాషా ఏమిటంటే ఆ తిరగలిని కూడా మూలంలోంచే తయారుచేసుకోవాలి, పాత తిరగలితో కొత్త తిరగలిని! మా ముసలి యంత్రానికి అది ఒక రాత్రి పని.

"దొరికేదాన్ని కొనుక్కోక ఎందుకే ఈ తంటా?" అని మావారు ఇప్పటికీ అంటూనే వుంటారు. తంటాలో ఒక సుఖముందండీ. యూజ్ ఫ్లాగులని వుంటాయి. మేక్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్లో ఒక్క వరుస రాసిపెడితే చాలు. "బ్లూటూత్ వద్దు, ప్రింటరు కావాలి" అని. ఇక ఆ వసతి వున్న ప్రోగ్రాములన్నీ బ్లూటూత్ భాగం వదిలేసి తయారవుతాయి. వంటమనిషికి ఉల్లి వద్దు, ఇంగువ వెయ్యి అని చెప్పుకున్నట్టు. మా యంత్రానికున్న జ్ఞాపకశక్తి నాలుగంటే నాలుగు జీబీలు. నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి సంసారం ఈదినవాళ్ళం, అక్కర్లేనిది చెంబెడు కూడా ఒలకబొయ్యం.

పేరు సంగతి కూడా చెప్పాలి. పెంగ్విన్ పక్షుల్లో జెంటూ అని ఒక జాతి వుంది, నీళ్ళలో అన్నిటికన్నా వేగంగా ఈదేది అదేనట. లినక్సుకి గుర్తు పెంగ్వినే కదా, అందుకని ఆ పేరు పెట్టారు. డేనియల్ రాబిన్స్ అనే ఆయన మొదలుపెట్టినది, 2002లో ఒకటో పూర్తిరూపం వచ్చింది. నీటిచుక్కకి మొహం వాచిన అనంతపురానికి ఈతపక్షి వచ్చిందేమిటని నవ్వుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ పేరు మనకి కొత్త కాదని. పూర్వం మదరాసులో దొరలు మన తెలుగునే జెంటూ అనేవారు. 1817లో విలియం బ్రౌన్ అనే దొర అచ్చువేయించిన తెలుగు వ్యాకరణం పేరులో జెంటూ భాష అనే వుంటుంది. (మన సీ.పీ. బ్రౌన్ వేరు, ఈయన వేరు.) ఆ మాట విన్న దగ్గర్నించీ దానిమీద నాకు కొంచెం చుట్టరికం కలిసింది. తెలుగు టీచరుగా రిటైరైనదాన్ని, కలవదూ మరి!

ప్రతి ఆదివారం మధ్యాహ్నం వంటిల్లు సర్దాక దాని ముందు కూర్చుంటాను. మొదట సింక్, అంటే ఈ వారం కొత్తగా ఏమొచ్చాయో జాబితా తెచ్చుకోవడం. తర్వాత వాళ్ళేమన్నా వార్తలు రాశారేమో చదవడం. ఇది మానకూడదు, వార్త చదవకుండా ముందుకు పోవడమంటే శుభలేఖ చూడకుండా పెళ్ళికి బయల్దేరినట్టే. ఆ తర్వాత ఎమర్జ్ అని ఆజ్ఞ ఇస్తే, ఇవిగో ఇన్ని మార్చాలి, సరేనా అని అడుగుతుంది. ఆ జాబితా పైనుంచి కిందదాకా చదివి "వై" కొడతాను. మావారు దీన్ని నా పారాయణం అంటారు.

చిక్కులు రావా అంటే, రాని వారం వస్తే ఆశ్చర్యపోవాలి. కొన్నిటికి ఇప్పుడు కంగారుపడను. మధ్యలో కరెంటు పోతుందనుకోండి. మొదట్లో ఏడుపొచ్చేది. తయారయ్యేది పక్కన వేరే చోట తయారై, పూర్తయ్యాకనే అసలు చోటికి చేరుతుంది కనక, సగంలో ఆగినా వాడుకలో వున్నదానికి నష్టం లేదు. కరెంటొచ్చాక ఎమర్జ్ రెజ్యూమ్ అంటే మిగిలిన జాబితా పట్టుకుంటుంది. ఆగిపోయిన ఆ ఒక్కటి మాత్రం మొదటినుంచీ విసరాల్సిందే.

ఇంకోటి, ఒకేసారి ఎన్ని పనులు చెయ్యాలో మనం చెప్పొచ్చు. మా అబ్బాయి నాలుగని పెట్టిపోయాడు. పెద్ద ప్రోగ్రాము వచ్చినప్పుడల్లా "కిల్డ్" అని ఒక మాట పడి ఆగిపోయేది. ఎవరు చంపారో, ఎందుకు చంపారో! చివరికి తేలిందేమిటంటే, నాలుగు పొయ్యిలమీద నాలుగు గుండిగలు పెడితే మా యంత్రానికి జ్ఞాపకం చాలక, కెర్నెలే ఒకదాన్ని దింపేస్తోందని. నాలుగు కొట్టేసి రెండు అని రాశాను. ఆలస్యమవుతుంది, కానీ అవుతుంది.

వేసవిలో వచ్చేది మరో రకం. జీసీసీ సగంలో వుండగా యంత్రమే ఆరిపోతుంది. ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట తప్పు చూపిస్తుంది. ఇక్కడొక కిటుకు చెప్తాను, గుర్తుంచుకోండి. ప్రతిసారీ ఒకే చోట ఆగితే తప్పు ప్రోగ్రాములోనో, మన రాతలోనో వుంటుంది. చోటు మారుస్తూ ఆగితే మాత్రం యంత్రాన్నే అనుమానించాలి. డబ్బా విప్పి చూస్తే ఏముంది, లోపలి ఫ్యానుకి మా ఊరి ఎర్రదుమ్ము బెత్తెడు మందాన పేరుకుంది. పాత పెయింటు బ్రష్షుతో దులిపాను. ఆ రాత్రి చల్లగా పనిచేసింది.

2023 డిసెంబరు ఆఖర్లో జెంటూవాళ్ళే తయారు సరుకు కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. బ్రౌజరులాంటి బండెడు వాటికి ఇప్పుడు నేను అదే వాడుతున్నాను. తప్పేం లేదు. పండక్కి ఓళిగలు ఇంట్లో చేసుకుంటాం, బన్ను మాత్రం బేకరీలో కొనుక్కోమూ?

ఇక అసలు సంగతి. 2024 మార్చిలో ఒక వార్త వచ్చింది, ప్రొఫైలు మార్చుకోవాలి, కొత్తది 23.0 అని. ముందు బైనుటిల్సు, తర్వాత జీసీసీ, ఆ తర్వాత జీలిబ్‌సీ, ఈ వరుస తప్పకూడదు, చివర్లో వున్నవన్నీ మళ్ళీ తయారుచెయ్యాలి అని వ్రతవిధానంలా రాశారు. నేను పరీక్షలు, పెళ్ళిళ్ళు అంటూ మే నెలదాకా వాయిదా వేశాను. మొదలుపెడితే పదకొండు రోజులు నడిచింది. బయట ఎండ నలభై దాటింది, లోపల మా యంత్రం సెగ. పదకొండో రోజు రాత్రి చిట్టచివరి ఘట్టం, డిస్పాచ్-కాన్ఫ్. అంటే మన పాత అమరికల ఫైళ్ళనీ, కొత్తగా వచ్చినవాటినీ పక్కపక్కన చూపించి "ఏది వుంచను?" అని ఒక్కొక్కటే అడుగుతుంది. పదిహేడు ఫైళ్ళు. మొదటి నాలుగూ చదివాను. తర్వాత కళ్ళు మూతలుపడ్డాయి. కొత్తదే వుంచు, కొత్తదే వుంచు, కొత్తదే వుంచు అంటూ నొక్కుకుంటూ పోయాను.

పొద్దున్న మీట నొక్కితే నల్లటి తెర. దానిమీద తెల్లటి అక్షరాల్లో లాగిన్ అని ఒక్క మాట. బొమ్మలు లేవు, కిటికీలు లేవు, ఏమీ లేవు.

అబ్బాయికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మావారు నా మొహం చూసి, చెప్పాపెట్టకుండా బజారుకెళ్ళి రిపేరు కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చారు. ఆ అబ్బాయి తెర చూసి, "ఇదేందో మాకు తెల్దమ్మా. ఫార్మాట్ కొట్టి విండోసు వేస్తా, గంటలో అయిపోతుంది" అన్నాడు.

"లోపలున్నవి?"

"పోతాయి. పాత డిస్కే కదా."

లోపల ఏమున్నాయో అతనికేం తెలుసు! మా మామగారి వాన పుస్తకాలున్నాయి.

మా మామగారిది కళ్యాణదుర్గం వైపు పల్లె. చెనిక్కాయ రైతు. 1969 నుంచి చివరి సంవత్సరం దాకా, ముప్ఫైయొక్క ఏళ్ళు, ప్రతి కార్తెకీ వాన రాసిపెట్టారు. కొలిచే పరికరాలేవీ లేవు. వాన వెలిశాక చేలోకి వెళ్ళి పుల్లతో తవ్వి చూసేవారు. "ఆరుద్ర: లేదు. పునర్వసు: లేదు. పుష్యమి: జానెడు పదును, విత్తనం వేసినాము. ఆశ్లేష: గాలి." అంతే రాత. ఒక్కోచోట వానతోపాటు ఇంటి సంగతి. "మఖ: లేదు. ఎద్దును అమ్మినాము." నేను కాపరానికి వచ్చిన ఏడు "హస్త: మంచి వాన. కోడలు వచ్చినది" అని వుంది. ఆ నోటుపుస్తకాలు అటకమీద చెదలు పట్టడం చూసి, మూడు వేసవులు కూర్చుని నేనే తెలుగులో టైపు చేశాను. చెదలు మిగతా పని పూర్తిచేశాయి. ఇప్పుడున్నదల్లా ఆ పాత డిస్కులోదే. ఇంకోచోట నకలు తీసి పెట్టుకోవద్దా అంటారు, తీసుకోవాలి. తీసుకోలేదు. అదే నా బుద్ధి.

"కాఫీ తాగి వెళ్ళు నాయనా, ఫార్మాట్ వద్దు" అని కుర్రాణ్ణి పంపించేశాను. మావారు ఏమీ అనకుండా పేపరు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. వాళ్ళ నాన్న రాతలు కదా, ఆయనకీ లోపల గుబులుగానే వుంది.

మొదట తప్పుదారే పట్టాను. బొమ్మ రాలేదు కనక బొమ్మ చూపించే ఎక్స్ సర్వరు పాడయిందనుకుని దాన్ని మళ్ళీ తయారుచేశాను. పూట గడిచింది, తెర అలాగే వుంది. అప్పుడు బుద్ధొచ్చి, ముందు పుస్తకాలున్నాయో లేవో చూద్దామని ఆ నల్లతెరమీదే లోపలికి వెళ్ళి ఫైళ్ళ పేర్లు అడిగాను. గుండె జారిపోయింది. పేర్లన్నీ గళ్ళు గళ్ళు! ఒక్క అక్షరం లేదు. ఎంతసేపు అలా చూస్తూ కూర్చున్నానో తెలీదు. తర్వాత తట్టింది. ఈ నల్లతెరకి తెలుగు రాదు. పేర్లు చదవలేకపోయినా సైజు చెప్పగలదు కదా. అడిగాను. గళ్ళ పక్కన అంకెలు పడ్డాయి, ఒక్కటీ సున్నా కాదు. ఒక ఫైలు పేరు అచ్చం పుష్యమి అంత పొడుగుంది. చీరకొంగుతో మొహం తుడుచుకున్నాను.

ఇక నింపాదిగా ఆలోచించాను. నిన్నటిదాకా బాగుంది, రాత్రి నేనేం మార్చాను? డిస్పాచ్-కాన్ఫ్‌లో ఒక మంచి గుణముంది, మనం వద్దన్న పాత ఫైళ్ళని పారెయ్యదు. ఈటీసీ కింద కాన్ఫిగ్-ఆర్కైవ్ అనే చోట దాస్తుంది. పదిహేడింటినీ తెచ్చుకుని, కాగితంమీద పాతదీ కొత్తదీ రాసుకుంటూ పోల్చాను. తొమ్మిదోది డిస్‌ప్లే-మేనేజరు. లాగిన్ బొమ్మ ఎవరు చూపించాలో చెప్పే ఫైలు. పాతదాంట్లో లైట్‌డీఎం అని వుంది. కొత్తదాంట్లో ఎక్స్‌డీఎం. ఆ ఎక్స్‌డీఎం మా ఇంట్లో లేనే లేదు! లేనివాణ్ణి పిలిస్తే ఎవడొస్తాడు? నేనో తెరిచి ఆ ఒక్క మాట మార్చి, సర్వీసు మళ్ళీ నడిపించాను. తెర ఒక్కసారి వెలిగింది. మా మామగారి పల్లె చెరువు ఫోటో, నేను పెట్టుకున్నదే, ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏమండీ" అని కేకేశాను. పేపరు అక్కడే పడేసి వచ్చారు. పుష్యమి తెరిచి చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చదివారు. "ఎద్దునమ్మిన ఏడు నాకు పదేళ్ళు" అన్నారు.

రాత్రి అబ్బాయి ఫోన్ చేశాడు. మీటింగులో వున్నానమ్మా, ఏమైందమ్మా అని గాభరా. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఆర్కైవ్‌లో చూడాలని నాకే తట్టేది కాదేమో" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, తనిప్పుడు జెంటూ వాడటం లేదనీ, ఆఫీసువాళ్ళిచ్చిన తయారుదానితో నెట్టుకొస్తున్నాననీ, నాకూ మంచి లాప్‌టాప్ పంపుతాననీ అన్నాడు.

"లాప్‌టాప్ వద్దులే నాయనా, రెండు పెన్‌డ్రైవులు పంపు" అన్నాను.

వచ్చాయి. ఒకటి మా బీరువాలో, ఒకటి ఎదురింటి కోడలుపిల్ల దగ్గర. ఆ పిల్ల ఇప్పుడు ఆదివారాలు వచ్చి పక్కన కూర్చుంటుంది. కిందటిసారి జాబితా తనే చదివి వై కొట్టింది.

అప్పుడే, రోహిణి కార్తెలో, రాత్రి పదకొండింటికి ఉరుము ఉరిమి జల్లు పడింది. కరెంటు పోయింది, మధ్యలో వున్న ప్రోగ్రాము ఆగిపోయింది. మావారు టార్చిలైటు తీసుకుని దొడ్లోకి వెళ్ళి మల్లెచెట్టు మొదట్లో పుల్లతో తవ్వి చూసొచ్చారు. గంటకి కరెంటొచ్చాక మామగారి ఫైలు కింద కొత్త వరస రాశాను. "రోహిణి: బెత్తెడు పదును." రాసి, ఎమర్జ్ రెజ్యూమ్ కొట్టి పడుకున్నాను.