పిలుస్తామన్నాము, పిలువలేదు

ఈ సంగతి జరిగి ముప్పయి యేండ్లు దాటింది. మా సంఘమునకు తెలిసినదే గాని కాగితము మీద ఎన్నడూ పెట్టలేదు. ఇప్పుడు ఏ ఊరిలో చూచినా యౌవనస్థులు పాటలు రికార్డు చేస్తున్నారు గనుక, వారికి పనికివస్తుందని వ్రాస్తున్నాము.

మాది ప్రకాశం జిల్లా, గుండ్లకమ్మ ఒడ్డున ఒక చిన్న ఊరు. 1993 క్రిస్మస్ నాటికి మా బృందములో ఏడుగురము. ఇద్దరికి గిటారు, ఒకరికి కీబోర్డు, పాడేవారు ముగ్గురు. ఏడవవాడు డోలక్ అన్న. మాకంటే పదేండ్లు పెద్దవాడు. పొగాకు బ్యారన్లలో ఆకు కట్టే కూలి. ఆయనకు తాళము ఎవరూ నేర్పలేదు. కీర్తన ఏదైనా ఆయన చేతిలో మొదటి చరణము నడిచేది, రెండవ చరణము పరుగెత్తేది. సంఘమంతా చప్పట్లు కొడుతూ ఆ వెంట పరుగెత్తేది.

మేము సొంతముగా పది పాటలు కట్టుకొన్నాము. మద్రాసు వెళ్ళి క్యాసెట్టు చేయాలని ఆశ పుట్టింది. మా స్త్రీల సమాజమువారు పూటపూటకు ఎసట్లో పోసే బియ్యములో పిడికెడు తీసి కుండలో దాచి, ఆదివారము గుడికి తెచ్చేవారు. ఆ బియ్యము అమ్మగా వచ్చినది, కోళ్ళు, గుడ్లు వేలము వేయగా వచ్చినది, అంతా కలిపి పద్దెనిమిది వేలయింది. అయ్యగారు ప్రార్థన చేసి ఆ డబ్బు గుడ్డసంచిలో మా చేతికిచ్చి, “ఇది బియ్యము డబ్బు. మరచిపోకండి” అన్నారు.

1994 మే నెలలో ఒంగోలులో రాత్రి రైలెక్కి తెల్లవారి మద్రాసులో దిగాము. పెరంబూరులో రైలు పెట్టెల కర్మాగారములో పనిచేసే మా ఊరాయన ఇంట్లో బస. కోడంబాక్కం వైపు ఒక చిన్న స్టూడియోను రెండు రోజులకు మాట్లాడుకొన్నాము. లోపల గోడలకంతా మెత్తని గుడ్డ. దగ్గినా శబ్దము తిరిగి రాదు. అందరము కలిసి పాడతామనుకొన్నాము గాని అక్కడి పద్ధతి వేరు. ఎనిమిది ట్రాకుల టేపు యంత్రము. ముందు తాళము, తరువాత వాద్యములు, చివరకు గొంతులు, వేటికవే ఎక్కించి కలుపుతారు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, అందులో గడియారములా టక్ టక్‌మనే శబ్దము వినిపిస్తారు. వాయించేవాడు దానిని దాటకూడదు.

మొదటి పని డోలక్ అన్నదే. మొదటి చరణము బాగానే సాగింది. రెండవ చరణములో చెయ్యి టక్ టక్‌ను దాటి పరుగెత్తింది. మళ్ళీ మొదలు. ఆరుసార్లు వాయించాడు. ఆరుసార్లూ అంతే. చొక్కా తడిసిపోయింది. గంటలు గడుస్తున్నాయి, అద్దె పెరుగుతున్నది. సంగీతము కూర్చే ఆయన మాలో ముగ్గురిని వరండాలోనికి పిలిచి, “ఇలాగైతే రెండు రోజులలో రెండు పాటలు కూడా కావు. నాకు తెలిసిన వాద్యకారుడున్నాడు, పిలవమంటారా?” అని అడిగారు. మాకు బియ్యము డబ్బు గుర్తుకొచ్చింది. పిలవమన్నాము.

అన్న దగ్గరకు వెళ్ళి ఏమి చెప్పాము? “కాసేపు విశ్రాంతి తీసుకో అన్నా, పిలుస్తాము” అన్నాము.

మధ్యాహ్నము వచ్చిన వాద్యకారుడు రెండు గంటలలో అయిదు పాటలు ఒక్క తప్పు లేకుండా వాయించి వెళ్ళాడు. మరునాడు మిగిలిన అయిదు. అన్న రెండు రోజులూ వరండాలో బెంచీ మీద డోలక్ ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు. మేము పిలువలేదు. చివరి పాటకు మాత్రము చేతికి తాళములిచ్చి మాతో నిలబెట్టాము.

అంతటితో పోలేదు. క్యాసెట్టు అట్ట ముందే అచ్చయింది. దాని మీద “డోలక్” అని ఆయన పేరే ఉన్నది. అయిదు వందల క్యాసెట్లు ఊరికి వచ్చాయి. మైకుసెట్టులో పెట్టగా విన్నవారందరూ, “నీ చెయ్యి ఎంత చక్కగా పలికింది!” అని ఆయననే మెచ్చుకొన్నారు. ఆయన తలవంచుకొని నిలబడ్డాడు. తరువాత మూడు ఆదివారములు గుడికి రాలేదు.

ఆ స్టూడియోలో సౌండ్ ఇంజనీరుగారు భోజనాలవేళ మాకొక కథ చెప్పారు. ఇంగ్లాండులో బీటిల్స్ అని నలుగురు కుర్రవాళ్ళు లివర్‌పూల్ నుంచి లండన్ వచ్చి, 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులోనే పది పాటలు రికార్డు చేశారట. అందులో ఒకరికి జలుబు. గొంతు పోయేలోపల చివరి పాట పాడేశారట. అంతకు ముందు విడుదలైన నాలుగు పాటలు కలిపి అదే వారి మొదటి ఆల్బమ్ అయింది. వారి బ్రతుకు మనకు మాదిరి కాదు గాని, ఆ మాట మాకు ధైర్యమిచ్చింది.

ఆ కథలో మిగతా సగము మేము చాలాకాలము తరువాత చదివాము. రెండేండ్లు తమతో డ్రమ్స్ వాయించిన పీట్ బెస్ట్‌ను వారు 1962 ఆగస్టులో తీసివేశారు. ఆ మాట ముగ్గురు స్నేహితులలో ఒక్కరూ ఎదుట నిలిచి చెప్పలేదు. మేనేజరు చేత చెప్పించారు. ఆయన స్థానములో వచ్చిన రింగో స్టార్‌కు కూడా సెప్టెంబరు 11న అదే ఎదురైంది. స్టూడియోవారు ఆండీ వైట్ అనే వేరొక డ్రమ్మరును పిలిపించారు. రింగో చేతికి తంబుర ఇచ్చారు. అది చదివినప్పుడు మా అన్న చేతిలోని తాళములు జ్ఞాపకమొచ్చి మాకు నోట మాట రాలేదు.

మూడవ ఆదివారము సాయంత్రము మేము ముగ్గురము ఆయన ఇంటికి వెళ్ళాము. మత్తయి సువార్త 18వ అధ్యాయములో ప్రభువు చెప్పిన క్రమము మాకు తెలుసు. అయితే అక్కడ తప్పు చేసినవారము మేమే. ఆయన మంచము వాల్చి కూర్చోమన్నాడు. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తరువాత ఆయనే అన్నాడు: “నా చెయ్యి ఆగదని నాకు తెలియదా? ‘అన్నా, నీ వల్ల కావడము లేదు’ అని ఉంటే నేనే లేచేవాడిని. పిలుస్తామన్నారు. రెండు రోజులు నీళ్ళకు కూడా లేవలేదు, పిలుస్తారేమోనని.”

మేము ఏడ్చాము. వచ్చే ఆదివారము సంఘము ఎదుట నిలబడి, ఆ డోలక్ ఆయనది కాదని, అబద్ధము మాదని ఒప్పుకొన్నాము. అయ్యగారు మొదటి కొరింథీ 12వ అధ్యాయము చదివి కూర్చున్నారు. ప్రసంగము చేయలేదు. అన్న ముందుకు వచ్చి డోలక్ అందుకొన్నాడు. రెండవ చరణము పరుగెత్తింది. మేము గిటార్లతో వెంబడించాము.

వేరే వాద్యకారుని పిలవడము తప్పని మేము ఇప్పటికీ అనుకోము. విధవరాండ్ర పిడికెడు బియ్యము వృథా చేయడానికి మాకు హక్కు లేదు. అయితే వరండాలో నుంచి బెంచీ దాకా నాలుగడుగులు నడచి నిజము చెప్పడానికి డబ్బు ఖర్చు కాదు. ఆ నాలుగడుగులు మేము నడవలేదు.

ప్రియ యౌవనస్థులారా, నేడు మీ చేతి ఫోనులోనే స్టూడియో ఉన్నది. ఎవరి గొంతునైనా ఒక మీట నొక్కి తీసివేయవచ్చు. తీసివేయవలసి వస్తే ముందు ఆయన దగ్గరకు వెళ్ళి, ఎదుట కూర్చొని చెప్పండి. ఆయన పక్కన ఒక గ్లాసు మంచినీళ్ళు కూడా పెట్టండి. ప్రభువు మీ పాటలను ఆశీర్వదించును గాక. ఆమేన్.