గంట కొట్టేవారు లేని బడి

ఉద్యోగికీ, సొంతంగా పని చేసుకొని బ్రతికేవానికీ భేదమేమిటని అడిగితే చాలామంది "జీతం" అంటారు. ముప్పైయేళ్ళకు పైగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి, పదవీ విరమణానంతరం శంషాబాదులో ఇంటిపట్టునే ప్రూఫులు దిద్దుకుంటూ నాలుగు రాళ్ళు సంపాదించుకుంటున్న నాకు తోచిన భేదం వేరు. ఉద్యోగికి గంట కొట్టేవాడొకడు ఉంటాడు. రెండవవానికి ఉండడు.

బడికి ఏ ఉత్తర్వు వచ్చినా ముందు ప్రధానోపాధ్యాయుని బల్లమీదికి వెళ్ళేది. ఎవరికేది అవసరమో ఆయన చూసి, వారిచేత మాత్రమే సంతకం పెట్టించేవారు. ఎవరైనా కలవడానికి వస్తే అటెండరు వరండాలో కూర్చోబెట్టేవాడు. గంట మ్రోగి తిరిగి గంట మ్రోగేదాకా తరగతి నాది, నేను తరగతివాణ్ణి. అది ఎంతటి రక్షణయో దానినుంచి బయటికి వచ్చినవారికి గాని బోధపడదు.

ఇప్పుడు ప్రధానోపాధ్యాయుడనూ నేనే, గుమాస్తానూ నేనే, అటెండరునూ నేనే. ఒకాయన కావ్యవ్యాఖ్యానం వాట్సాపులో వస్తుంది. దానికే సవరణ ఈమెయిలులో వస్తుంది. ఆ సవరణకు సవరణ ఫోనులో వస్తుంది. మరొకరి సంస్మరణ సంచికలో తండ్రిగారి ఇంటిపేరు ఎలా వ్రాయాలో ముగ్గురు అన్నదమ్ములు మూడు విధాలుగా సెలవిస్తారు. ఈ నడుమ పెన్షనర్ల సంఘం, అపార్టుమెంటు సంఘం, పూర్వ విద్యార్థుల బృందం. అన్నీ ఒకే ఫోనులో, ఒకే చప్పుడుతో. ఇంటిపేరు తప్పు పడితే ఆ కుటుంబం జీవితాంతం ఆ పుట చూసి బాధపడుతుంది. శుభోదయం బొమ్మ చూడకపోతే ఎవరికీ ఏమీ కాదు. కానీ ఆ రెంటికీ ఫోను చేసే మ్రోత ఒక్కటే.

మా ఊళ్ళో ఈ బాధ మరికాస్త ఎక్కువ. సుమారు 5,500 ఎకరాల్లో కట్టిన విమానాశ్రయం 2008 మార్చిలో ఇక్కడ మొదలైన నాటినుంచి భూమిని గూర్చిన వార్త లేని పూట లేదు. ఒక్క మెట్రో సంగతే చూడండి. రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మార్గానికి 2022 డిసెంబరు 9న శంకుస్థాపన జరిగింది. ప్రభుత్వం మారిన పిదప, 2023 డిసెంబరులో ఆ మార్గాన్ని ప్రక్కనబెట్టి వేరే దారి చూడమన్నారు. ఏడాది కాలంలో తెలుసుకోవలసినవి ఈ రెండు వాక్యాలే. వాటి చుట్టూ నా ఫోనుకు చేరిన సందేశాలు ఎన్ని వందలో!

హెర్బర్ట్ సైమన్ అనే అమెరికా ఆర్థికవేత్త 1971లోనే ఈ సంగతి గుర్తించాడు. సమాచారం తినేది మన శ్రద్ధను. కనుక ఒకటి పెరిగితే రెండవది కరవవుతుందని ఆయన వాదం. సొంత పనివానికి శ్రద్ధే మూలధనం కదా. అది కరిగితే అంగడి మూసినట్లే.

నా శిష్యుడొకడు విమానాశ్రయానికి కారు నడుపుతాడు. కారు తనదే, దానిమీది అప్పూ తనదే. స్టీరింగు ప్రక్కన రెండు ఫోన్లు. ఒకదానిలో యాప్ కిరాయి మ్రోగుతుంది. ఒప్పుకోవడానికి కొన్ని క్షణాలే గడువు. రెండవదానిలో డ్రైవర్ల బృందాలు, పాత గిరాకీల పిలుపులు, బ్యాంకు సందేశాలు. ఒకనాడు మా ఇంటికి వచ్చి అన్నాడు: "సార్, సూడకుంటే కిరాయి పోతది. సూసుకుంట నడిపితే పానం పోతదని భయమైతది. ఏది ఇడువాలె?"

వానికి వైమానికుల నియమమొకటి చెప్పాను. 1974లో అమెరికాలో షార్లెట్ నగరం దగ్గర ఒక విమానం దిగబోతూ కూలిపోయింది. ఆ వేళ పైలట్లు పనికి సంబంధించని ముచ్చట్లలో ఉన్నారని విచారణలో తేలింది. అటువంటి ప్రమాదాల పిమ్మట 1981లో అక్కడ నియమం పెట్టారు: పదివేల అడుగులకు దిగువన ఉన్నంతసేపు విమానం నడపడానికి అవసరమైన మాట తప్ప మరొకటి పలుకరాదు. లోకంలో చాలా విమానసంస్థలు ఈ పద్ధతిని అనుసరిస్తున్నాయి.

వాడు నవ్వి, "మనది రోడ్డు గద సార్, ఎప్పుడూ పదివేల అడుగుల కిందనే!" అన్నాడు.

మాట నవ్వుతూ అన్నా, వాడు దానిని పట్టుకున్నాడు. బండి కదులుతున్నంతసేపు దారి చూపే ఫోనొక్కటే. రెండవది మూగదై అరలో ఉంటుంది. పార్కింగులో వంతుకోసం వేచి ఉన్నప్పుడు దానిని తీస్తాడు. పాత గిరాకీలకు తాను ఏ వేళల్లో దొరుకుతాడో ముందే చెప్పిపెట్టాడు. మొదటి నెలలో బృందాల కిరాయిలు కొన్ని చేజారాయి. కారు వాయిదా కట్టడానికి ఇబ్బందిపడ్డాడు. ఆ నష్టం నిజమే, దానిని దాచి నీతి చెప్పడం తగదు. తరువాత గిరాకీలే ఆ వేళలకు అలవాటుపడ్డారు. సంపాదన పెరిగిందని వాడు చెప్పలేదు. ఇంటికి వచ్చాక నిద్ర పడుతున్నదన్నాడు.

నాబోటివానికి మౌనమొక్కటే చాలదు. ఏకకాలంలో నాలుగు పనులు చేతిలో ఉంటాయి, ఎవరినీ పొమ్మనలేను. ఇక్కడ నాకు దారి చూపింది మన అవధానం. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి చూపించిన ఆ విద్యను మనం జ్ఞాపకశక్తి ప్రదర్శనగా చూస్తాము. నిజానికి అది వరుస పెట్టే విద్య. అష్టావధానిని ప్రశ్నించేవారు ఎనమండుగురే, తొమ్మిదవవానికి చోటు లేదు. ఒక ఆవృత్తిలో ఒకరికి ఒక పాదం చెప్పి తరువాతి వారివైపు తిరుగుతాడు. ఎవరి పద్యమూ ఒక్కసారిగా పూర్తికాదు, ఎవరి పద్యమూ ఆగిపోదు. అప్రస్తుత ప్రసంగికి కూడా ఆసనముంటుంది. వానికి చమత్కారంగా బదులు చెప్పి, చెప్పిన మరుక్షణం దత్తపదిలోకో సమస్యలోకో వెళ్ళిపోతాడు.

ఆ క్రమాన్నే యథాశక్తి నా బల్లమీదికి తెచ్చుకున్నాను. ఉదయం రెండు గంటలు నిషిద్ధాక్షరి: ఫోను నిషిద్ధం, ప్రూఫులే. పదకొండింటికి, నాలుగింటికి వ్యస్తాక్షరి: చెల్లాచెదురుగా వచ్చిన సవరణలను ఒక్కొక్క పుస్తకానికి ఒక్కొక్క పేజీ చొప్పున నోటుబుక్కులో ఎక్కించి కూర్చుకుంటాను. నోటుబుక్కులోకి ఎక్కనిది సవరణ కాదని పుస్తకకర్తలందరికీ ముందే చెప్పాను. అప్రస్తుత ప్రసంగానికి సాయంత్రం పావుగంట. మెట్రో అందులోనిదే.

రాత్రి నోటుబుక్కు మూసి, ఏ పని ఎంతవరకు వచ్చిందో ఒకమారు మనసులో వల్లె వేసుకుంటాను. జ్ఞాపకం రానిది మర్నాటి మొదటి వరుసలో ఉంటుంది. ఇది నా ధారణ.

చివరగా ఒక మాట. ధారణలో అవధాని అప్పజెప్పేది పృచ్ఛకులు అడిగిన ప్రశ్నలను కాదు, వాటికి తాను అల్లిన పద్యాలను. మన చెవిని పడినవన్నీ నిలుపుకోవలసిన పనిలేదు. రోజు ముగిసేసరికి మనం చేసినది ఏమిటో మనకు జ్ఞాపకముంటే చాలు.