ఉల్లంకిపిట్ట పుట్టినిల్లు

శ్రీకాకుళము జిల్లాలో టెక్కలి దాపున తేలినీలాపురమను పల్లె గలదు. ఏటేట శీతకాలమునకు ముందు గూడబాతులును, ఎఱ్ఱకాళ్ల కొంగలును వచ్చి యచ్చటి చెట్లపై గూళ్లు గట్టును. ఊరివారు వానిని పురిటికి వచ్చిన యాడుబిడ్డలవలె జూతురు. ఇవి సైబీరియానుండి వచ్చునని మాప్రాంతమున నందఱును జెప్పుకొందురు. పక్షిశాస్త్రజ్ఞులు మాత్రము ఈ రెండుజాతులును దక్షిణాసియాలోనే పుట్టి పెరుగునందురు.

నిజముగ నుత్తరధ్రువపు చుట్టమును చూడఁగోరువారు నౌపడ ఉప్పుమళ్ల గట్టుమీఁదికిఁ బోవలెను. ఆ బురదలో గబగబ పరుగులిడు చిన్న యుల్లంకిపిట్ట పిచ్చుకకంటెఁ బెద్దది కాదు. ముప్పది గ్రాములు తూగుట యరుదు. దాని పుట్టినిల్లు టండ్రా. అచ్చట చెట్లు మొలవవు. అడుగునేల సంవత్సరము పొడవున గడ్డకట్టియే యుండును. వేసవిలో పైమన్ను మాత్రము కరఁగి, మడుగులు నిండి, దోమలు ముసురును. ఆ కొద్దివారములలోనే యీపిట్ట నేలపై నాలుగు గ్రుడ్లు పెట్టి పిల్లలను లేపవలెను.

మనుష్యుఁడు బొగ్గును, నూనెను గాల్చుటచే భూమి వేఁడెక్కుచున్నది. ఉత్తరధ్రువప్రాంతము తక్కిన భూమికంటెఁ బలురెట్లు వేగముగ వేఁడెక్కుచున్నది. వేసవి ముందుగా వచ్చినచో దోమలు ముందే పుట్టి ముగియును. విస్తళ్లు ఎత్తిన పిమ్మట వచ్చిన చుట్టములవలెఁ బక్షిపిల్లలు ఆఁకటితో నుండును. ఆ గడ్డనేలలో వాతావరణమందున్న దానికి రెట్టింపు కర్బనము దాఁగియున్నది. కరఁగిన కొలఁది నది వెలువడి వేఁడిని హెచ్చించును. 2020 మే 29వ తేదీని రష్యాలోని నోరిల్స్క్ నగరమున డీసెలు తొట్టి క్రుంగి పగిలి, సుమారు 20,000 టన్నులు నదులపాలును నేలపాలు నయ్యెను. నేల కరఁగుటయే కారణమని యజమానులును, వారి యజాగ్రత్తయే యని యధికారులును జెప్పిరి. మాకు రెండును నిజమనియే తోఁచుచున్నది.

ఇఁక మన యింటి సంగతి. సోంపేట బీలలో బొగ్గు విద్యుత్కేంద్రము కట్టఁబూనినప్పుడు, 2010 జులై 14వ తేదీని పోలీసుకాల్పులలో నిద్దఱు మరణించిరి. ఆనాఁడే పర్యావరణ యప్పీలు సంస్థ ఆ కేంద్రమునకిచ్చిన యనుమతిని రద్దుచేసెను. 2011 ఫిబ్రవరి 28వ తేదీని, నౌపడకు సమీపమున నున్న కాకరాపల్లి బీలయొద్దను అట్టి కేంద్రము నిమిత్తమే ప్రాణములు పోయినవి. బీల పూడ్చి బొగ్గు గాల్చినచో నుల్లంకికి పుట్టినింటను జెఱుపే, మెట్టినింటను జెఱుపే.

ఆ పోరాటములలో ముందు నిలిచినవారిలో స్త్రీలును గలరు. వారు వరికొఱకు, చేపలకొఱకు, పసుల మేఁతకొఱకు నిలిచిరే కాని పిట్టను దలఁచియుండరు. సోంపేట బీలలో మాత్రము కేంద్రము లేవలేదు. నీరు నేఁటికిని నిలుచుచున్నది.